ఏడో నంబరు బొమ్మ

పాడేరు పఠనమందిరం గోడల మీదికి పద్నాలుగు బొమ్మలు ఎక్కాయి. శుక్రవారం, ఏజెన్సీని ఏలే దొరగారు వాటిని చూడ్డానికి వస్తున్నారు. గ్రంథాలయం చూసుకునే సర్వేశ్వరరావు పంతులు ఆ రాక మీద పెట్టుకున్న ఆశ ఒక్కటే. దొర మెచ్చుకుంటే, కారుతున్న పూరికప్పు తీయించి పెంకులు వేయిస్తాడని. గురువారం పొద్దున నేల అలకడానికి వచ్చిన కనక, ఏడో బొమ్మ దగ్గర ఆగిపోయింది. "మా సోంబరు," అంది. పేడనీళ్ల చట్టి పక్కన పెట్టి, గోడకు ఎదురుగా చతికిలబడింది.

సోంబరు ఆమె మొగుడు. కొండవాళ్లు సర్కారు మీద తిరగబడ్డ పితూరీ ఏడాది అడవిలో జ్వరం తగిలి చచ్చిపోయాడని అతని తమ్ముడు సుక్రు వచ్చి చెప్పి నాలుగేళ్లు అయింది. దినాలు చేశారు. ఏడాది గడిచాక, వాళ్ల కట్టుబాటు ప్రకారం కనక సుక్రు ఇంటికి కాపరానికి వెళ్లింది. ఇప్పుడు వాళ్లకి రెండేళ్ల ఆడపిల్ల ఉంది.

పంతులుకు ఆ వేళ జ్వరం రావలసిన రోజు. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం. రెండేళ్లు ఉండి దిగిపోదామని కొండెక్కిన మనిషి, ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. పొద్దున మింగిన క్వినైను చేదు ఇంకా గొంతులోనే ఉంది. చెవుల్లో ఒకటే హోరు. కనక అలా కూలబడిపోవడం చూసి ఆయనకు ముందు జాలి కలగలేదు. ఇంకా సగం నేల మిగిలి ఉందే అనుకున్నాడు.

"మనిషిని పోలిన మనుషులు ఉంటారు కనకా. లే. మధ్యాహ్నానికి నేల ఆరాలి."

ఆమె లేవలేదు.

"మొకం పోలుద్ది బాబూ. కాలు ఎలాగ పోలుద్ది? కాలు సూడు."

పంతులు కళ్లజోడు సర్దుకుని బొమ్మ దగ్గరికి నడిచాడు. కొండమీదికి అద్దాలు తేవడం సాగక, బొమ్మల్ని అట్టలకు అంటించి, చుట్టూ వెదురు బద్దలు కట్టి, పురికొసలతో వేలాడదీశారు. ఏడో బొమ్మలో ఒక మనిషి నరికిన గుగ్గిలం మాను మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కలప చెక్కే బాడిస ఉంది. వెనకాల రైలు పట్టాల కింద వేసే దిమ్మలు పేర్చి ఉన్నాయి. ముఖం సగం పక్కకి తిరిగి ఉంది. ఎడమ కాలు మాత్రం ముందుకు చాచి ఉంది. ఆ కాలికి చివరి రెండు వేళ్లు మొదలంటా లేవు.

"ఎలుగు కొరికింది. మాకు పెళ్లయిన ఏడే," అంది కనక. "నెల్లాళ్లు నానే పసరు కట్టినాను. ఈ గోడ మీద ఆ కాలు ఎట్టేసి, ఇది మరొకడిది అంతే నానేటి నమ్ముతాను?"

పంతులుకు వేరే కాగితం ఒకటి గుర్తొచ్చింది. పాడేరులో గుండ్రటి దస్తూరీ ఉన్నవాడు తానొక్కడే. అందుకని ఠాణావాళ్లు అప్పుడప్పుడు చిత్తుప్రతులు పంపి సాఫు కాపీలు రాయించుకునేవారు. పితూరీలో పరారైన వాళ్ల జాబితా ఈ ఏడాది తన చేత్తోనే రాశాడు. అందులో ఒక వరస ఇప్పుడు కళ్ల ముందు ఆడింది: సోంబరు, పితూరీదార్లకు దారి చూపినవాడు, ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు, ఆచూకీ లేదు. సోంబరు అనే పేరు ఈ కొండల్లో ఇంటికొకటి. నేల అలికే కనకకూ ఆ వరసకూ సంబంధం ఉంటుందని అది రాసేటప్పుడు ఆయనకు తట్టలేదు.

శవం దొరకలేదు గనక సర్కారు అతన్ని చావనివ్వలేదు. తమ్ముడు చెప్పాడు గనక ఇంట్లోవాళ్లు బతకనివ్వలేదు.

"మూల ఏదో రాసుంది. ఏటది బాబూ?" అంది కనక.

బొమ్మ కింద కుడి మూల చిన్న అక్షరాలున్నాయి. పంతులు వంగి చదివాడు. పైడిరాజు, 9-1-27. ఆమెకు చదువు రాదు. ఏం చెప్పినా చెల్లుతుంది. కానీ ఒక అబద్ధం చెప్పాలంటే దాన్ని రేపూ ఎల్లుండీ మోయాలి. అంత ఓపిక ఆయన దగ్గర లేదు.

"బొమ్మ వేసినాయన పేరు. వేసిన రోజు."

"ఏ రోజు?"

"మూడు నెలలయింది."

కనక చేతులకు అంటిన పేడ ఎండి పొక్కులు రేగుతుంటే గోటితో గీక్కుంటూ కూర్చుంది.

"మూడు నెల్లు," అంది చివరికి. "నాలుగేళ్లు కాదు."

*

బొమ్మలు వేసిన పైడిరాజు పదకొండు గంటల వేళ వచ్చాడు. విజయనగరం వైపు ఒక స్కూల్లో డ్రాయింగు మేష్టరుగా చేసి, మానేసి, ఏడాదిగా కాగితాల చుట్ట చంకన పెట్టుకుని కొండల్లో తిరుగుతున్నాడు. షావుకారు వెంకటరావు కొట్టు వెనక వసారాలో బస. బొమ్మల కింద అంటించడానికి పేర్లు రాసిన చీటీలూ, ఒక గిన్నెలో మైదా జిగురూ తెచ్చాడు.

"పంతులుగారూ, ఏడో దానికి 'విశ్రాంతి' అని పేరు పెట్టాను. బాగుందా?"

పంతులు కనక వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది.

"ఈ మనిషి ఏ ఊళ్లో ఉన్నాడు బాబూ?"

పైడిరాజు చీటీలు బల్ల మీద పెట్టాడు. "ఎవరు? అతనా? ఏదో సంతలో చూశాను. పేరు కూడా అడగలేదు."

"సంతలో దుంగలు నరకరు."

"అయితే దారిలో ఎక్కడో చూసి ఉంటాను. ఎన్ని ఊళ్లు తిరిగానో! అన్నీ గుర్తుంటాయా?"

ఆ మాట అంటూనే అతను జిగురు గిన్నె అందుకోబోయాడు. కనక ముందే తీసి వెనక పెట్టుకుంది. పంతులు ఇన్నాళ్లలో ఆమె గొంతు పెద్దది కావడం వినలేదు. ఇప్పుడూ పెద్దది కాలేదు. అలిసిపోయిన మనిషి దారి అడిగినట్టు అడిగింది.

"నాకు నువ్వు అబద్ధం సెప్పినా ఏటీ సెయ్యలేను బాబూ. కానీ ఆడు నా మొగుడు. నాను ఆడికి దినం సేసేసినాను. బొట్టు తీసేసినాను. ఎవరో ఒకరు నాకు సెప్పాల కదా?"

పైడిరాజు ముఖంలోని హుషారు దిగిపోయింది. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నీ పేరు కనకా?"

"ఔను."

"ఈ నేల అలికేది నువ్వేనా?"

"నానే."

అతను పంతులు వైపు తిరిగాడు. "నేను ఆ మనిషికి మాట ఇచ్చాను. ఎవరైనా అడిగితే చెప్పనని. కానీ ఈమె అడిగితే ఏం చెయ్యాలో అతను చెప్పలేదు."

"చెప్పు," అన్నాడు పంతులు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఒంట్లో సన్నగా వణుకు మొదలైంది.

పైడిరాజు చెప్పుకొచ్చాడు. మాచ్‌ఖండ్ నది దాటి, జయపురం సంస్థానం అడవిలో, రైలు కంట్రాక్టర్లు కలప కొట్టిస్తున్న చోట తాను వారం రోజులు ఉన్నాడు. అక్కడ ఒక మనిషి ఎవరితోనూ కలవకుండా, దూరంగా కూర్చుని అంబలి తాగేవాడు. ఒక మధ్యాహ్నం ఆ మనిషి చూడకుండా ఉన్నప్పుడు పైడిరాజు అతని బొమ్మ వేశాడు. రంగులు ఆరుతుండగా ఆ మనిషి చూడనే చూశాడు.

"చింపేస్తాడు అనుకున్నాను. చెయ్యి కూడా ఎత్తాడు. నేను భయపడి, ఇది మీ ఊళ్లో ఎవరూ చూడరయ్యా, పాడేరులో పుస్తకాల ఇంట్లో పెడతారు అన్నాను. పాడేరు అనేసరికి చెయ్యి దించాడు. అక్కడికి ఎవరెవరు వస్తారని అడిగాడు. నలుగురు షావుకార్లు, ఇద్దరు గుమాస్తాలు, మా పంతులుగారు, నేల అలికే కనక అని ఒకామె, అన్నాను. పేరు వినగానే నా పక్కన కూర్చున్నాడు. ఎలా ఉంటుందని అడిగాడు. ఏ ఊరినించి వస్తుందని అడిగాడు. దూరంనించి ఒకటి రెండుసార్లు చూసినంత చెప్పాను."

"మరి?" అంది కనక.

"నేను మొదట ఆ కాలికి అయిదు వేళ్లూ వేశాను. లోపం ఎందుకు చూపించాలని. అతను తన కాలు ఎత్తి బొమ్మ పక్కన పెట్టి, ఇది తప్పు, సరిగా గియ్యి, అన్నాడు. నేను చెరిపి దిద్దాను. దిద్దేదాకా లేవలేదు. అప్పుడు, ఇంక పట్టుకెళ్లు, అన్నాడు."

కనక జిగురు గిన్నె నెమ్మదిగా కింద పెట్టింది. గోడ వైపు తిరిగి, చేత్తో ఆ అట్టని తాకబోయి, చేతికి పేడ ఉందని చూసుకుని వెనక్కి తీసుకుంది.

"కబురు పంపినాడు," అంది. ఎవరితోనో కాదు. తనతోనే.

పెంకుల కోసం వేలాడదీసిన పద్నాలుగు బొమ్మల్లో ఒకటి ఒక మొగుడు పెళ్లానికి రాసుకున్న ఉత్తరమని పంతులుకు అప్పుడు తెలిసింది. రేపు పొద్దున దొరతో పాటు ఇన్‌స్పెక్టరు కూడా వస్తాడు. పరారీల జాబితా అతని జేబులోనే ఉంటుంది. ముఖం తెలియకపోయినా కాలు తెలుస్తుంది. ఎక్కడ గీశావని అడిగితే, పైడిరాజు ఎంతసేపు సంత అని చెప్పగలడు?

"ఇది తీసేద్దాం," అన్నాడు పైడిరాజు, పంతులు మనసు చదివినట్టు.

"ఎలా తీస్తావు? బొమ్మల జాబితా నిన్నటి టపాలో దొరకి పంపేశాను. పద్నాలుగు బొమ్మలు, వరసగా నంబర్లతో. ఏడోది ఏదని మొదట అదే అడుగుతాడు." పంతులు కణతలు నొక్కుకున్నాడు. "ఆ రెండు వేళ్లూ మళ్లీ వేసెయ్యలేవా?"

పైడిరాజు తెల్లబోయి చూశాడు. తరవాత కనక వైపు చూశాడు. ఆ వేళ్లు ఎవరి కోసం చెరిపాడో ఆమె ఎదురుగా ఉంది.

"ఎయ్యి బాబూ," అంది కనక. "ఆడు నాకు సూపించమన్నాడు. నాను సూసేసినాను. ఇంకెవులూ సూడక్కర్లేదు."

పైడిరాజు బొమ్మ దించి, కిటికీ వెలుతురులో బల్ల మీద పెట్టి, సంచిలోంచి రంగుల డబ్బా తీశాడు. బ్రష్షు నీళ్లలో ముంచుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అతను ఒంటరివాడేమీ కాదులే అమ్మా. ఉప్పూ బియ్యం అందుతున్నాయి. తమ్ముడు నెలకోసారి వచ్చి ఇచ్చిపోతాడని అక్కడివాళ్లు చెప్పారు."

ఆ మాట అతను ఓదార్పుగా అన్నాడు. కనక కళ్లు మూసుకోవడం పంతులు చూశాడు. ఆమెకు ఉన్న మరిది ఒక్కడే. నెలకోసారి అడ్డాకులూ చింతపండూ అమ్మడానికి జయపురం సంతకి వెళుతున్నానని చెప్పి, నాలుగు రోజులు కనపడకుండా పోయేది అతనొక్కడే.

*

ఒక వేలు పూర్తయి రెండోది మొదలైన వేళకి బయట పిల్ల ఏడుపు వినపడింది. సుక్రు గుమ్మంలోకి వచ్చాడు. చంకలో కూతురు, భుజాన దుప్పటి మూట. చెమటకు తడిసిపోయి ఉన్నాడు. పొలంలో ఉండవలసిన మనిషి మిట్టమధ్యాహ్నం మూడు కోసుల దూరం నడిచి వచ్చాడు.

"బేగి రా," అన్నాడు కనకతో. "గుంటకి ఒళ్లు కాలతంది. మీ కన్నోరింటికి ఎల్లిపోదాం. అక్కడ మందిచ్చే ముసలోడున్నాడు కదా?"

కనక పిల్లని అందుకుంది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. పొట్ట మీద చూసింది. పిల్ల ఒళ్లు చల్లగా ఉంది. ఎండలో మోసుకొచ్చినందుకు ఏడుస్తోంది, అంతే.

"దీనికేటీ లేదు," అంది. "ఎందుకొచ్చినావు?"

సుక్రు జవాబు చెప్పబోతూ బల్ల వైపు చూశాడు. బొమ్మ కనపడింది. అన్న ముఖం కనపడింది. భుజం మీది మూట జారి నేల మీద పడింది. అతను కొండభాషలో గబగబా ఏదో మొదలుపెట్టాడు. కనక చెయ్యెత్తి ఆపింది.

"తెలుగులో సెప్పు. ఈలు కూడా ఇనాల. నువ్వు నాకొక్కర్తికే సెప్పిన మాట ఏదీ నాకింక అక్కర్లేదు."

సుక్రు గోడకి చేరగిలబడ్డాడు. ముప్పై ఏళ్లవాడు. ఆ క్షణంలో పంతులు కంటికి తన ఈడువాడిలా కనపడ్డాడు.

"ఆడే సెప్పమన్నాడు," అన్నాడు. "పితూరీ ఏడు ఠాణావోలు నన్ను కొట్టినారు, అమ్మని కొట్టినారు, నీకు తెల్దేటి? సచ్చిపోనానని సెప్పెయ్, అప్పుడు మిమ్మల్ని ఒగ్గేస్తారు అన్నాడు. దానికి నీకూ సెప్పకూడదు అన్నాడు. నువ్వు నిజంగా ఏడిస్తేనే ఆలు నమ్ముతారని."

"నాను నిజంగానే ఏడిసినాను," అంది కనక.

"ఔను."

"తరవాత?"

సుక్రు నేల మీది మూట వైపు చూపు తిప్పాడు.

"తరవాత, సుక్రూ. నన్ను నీ ఇంటికి తెచ్చుకోమని కూడా ఆడే సెప్పినాడా?"

పైడిరాజు బ్రష్షు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. పిల్ల తల్లి మెడలోని పూసలు లాగుతూ ఏడుపు మానేసింది.

"లేదు," అన్నాడు సుక్రు. "ఏడాది సూసినాను. ఊరంతా అడుగుతున్నారు, వదినని ఎందుకు ఏలుకోవు అని. నాను కాదంటే, ఎందుకు కాదో సెప్పాల. సెప్తే ఆడు పట్టుబడతాడు. అలాగ అనుకున్నాను ముందు." మొహం మీది చెమట తుడుచుకున్నాడు. "తరవాత అలాగ అనుకోడం మానీసినాను. నువ్వు నా ఇంట్లో ఉన్నావు. అదే బాగుంది."

"ఆడు నా గురించి అడగలేదా?"

"అడిగినాడు."

"ఎన్ని మార్లు?"

"ఎల్లినప్పుడల్లా. కనకని తీసుకురా అంటాడు. నాను, అది కన్నోరింటికి ఎల్లిపోనాది, రానంతంది, అని సెప్పినాను. మూడేళ్లూ అదే సెప్పినాను."

కనక మెల్లగా బెంచీ మీద కూర్చుంది. ఆమె ఏడవలేదు. తిట్టలేదు. పిల్ల జుట్టులో అంటిన ఎండుపుల్ల ఒకటి తీసి పక్కన పడేసింది.

"ఆడక్కడ నాను రానన్నానని ఏడిసినాడు. నానిక్కడ ఆడు లేడని ఏడిసినాను. మద్దిని నువ్వు ఉప్పూ బియ్యం మోసినావు."

"మోసినాను. ఒక్క నెల తప్పలేదు," అన్నాడు సుక్రు. అందులో గర్వం లేదు. తన పక్షాన చెప్పుకోవడానికి అతనికి మరోటి లేదు, అంతే.

పంతులు కల్పించుకున్నాడు. చలిజ్వరానికి పళ్లు టకటకలాడుతున్నాయి. "ఇవాళ ఎందుకు వచ్చావు సుక్రూ? కన్నవారింటికి అంత హడావిడిగా ఎందుకు?"

సుక్రు కనక వైపే చూస్తూ జవాబు చెప్పాడు.

"పోయిన వారం ఎల్లినాను. ఆడు నా సేతి బియ్యం తీసుకోలేదు. కనక కన్నోరింట లేదురా, పాడేరులో నేల అలుకుతంది, నాకు తెలిసి మూడు నెల్లయింది, నువ్వే నిజం సెప్తావేమోనని సూసినాను అన్నాడు. ఎందుకు అబద్ధం సెప్పినావు అన్నాడు. నాను మాటాడలేదు. ఏలుకున్నానని సెప్పలేదు. గుంట సంగతి సెప్పలేదు. నానే ఎల్లి దాన్ని సూస్తాను, శుక్రవారం సంత జనంలో కలిసొస్తాను అన్నాడు."

"ఏ శుక్రవారం?" అన్నాడు పంతులు. అడగనక్కర్లేదు. తెలిసే అడిగాడు.

"రేపే."

బల్ల మీద బొమ్మలోని మనిషి ఎడమ కాలికి నాలుగో వేలు ఆరింది, అయిదోది సగంలో ఉంది. ఇప్పుడు ఆ వేళ్లు ఎన్ని ఉన్నా ఒకటే. రేపు ఆ కాలే స్వయంగా ఈ గుమ్మం ఎక్కుతుంది.

"దొర ఏ పొద్దుకొస్తాడు బాబూ?" అని అడిగింది కనక.

"తొమ్మిదింటికి."

నది అవతలి ఊళ్లవాళ్లు సంతకి దిగేది కూడా అప్పుడే. అది అక్కడున్న అందరికీ తెలుసు.

కనక పిల్లని నేల మీద నిలబెట్టి లేచింది. సుక్రు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఆడు ఏ దారినొస్తాడో, రేత్రి ఎక్కడ ఆగుతాడో నీకొక్కడికే తెలుసు. ఇప్పుడు బయలెల్లితే పొద్దు గూకేలోగా ఎదురెల్లి పట్టుకుంటావు. రావద్దని సెప్పు. బొమ్మ నాను సూసినానని సెప్పు. నాను రానన్నది అబద్ధమని సెప్పు. నీ ఇంట ఉన్నానని సెప్పు, గుంట ఉందని సెప్పు. అన్నీ నీ నోటితోనే సెప్పాల. ఏదీ ఒగ్గేయకు."

"సెప్తే నన్ను నరికీగలడు కనకా."

"నరకడు. ఆడు నీకు అన్న." ఆమె పిల్ల వైపు ఒకసారి చూసింది. "నరికితే నరుకుతాడు. ఎల్లు."

సుక్రు వంగి దుప్పటి మూట తీసుకోబోయాడు. తీసుకోకుండానే వదిలేశాడు. కూతురి తల మీద చెయ్యి వేశాడు. తరవాత ఎవరివైపూ చూడకుండా గుమ్మం దాటి, బయట ఎండలోకి వెళ్లాడు.

పంతులు కుర్చీలోంచి కిటికీ గుండా చూస్తున్నాడు. చలికి దుప్పటి కప్పుకుంటూనే ఆయనకొక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. కానీ ఆ ఆలోచన సుక్రుకి కూడా వచ్చే ఉంటుంది. అన్న రేపు పట్టుబడితే కనక తన ఇంట్లోనే ఉంటుంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఠాణాకి వెళ్లనక్కర్లేదు. ద్రోహం చేశాడని ఎవరూ వేలెత్తి చూపించలేరు. రేపు తొమ్మిదింటిదాకా ఊరికే ఉంటే చాలు.

"ఎల్లినాడా బాబూ?" అంది కనక. ఆమె కిటికీ వైపు రాలేదు.

సుక్రు మెట్లు దిగాడు. జయపురం దారి వైపు చూశాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

తరవాత వెనక్కి వచ్చి, చివరి మెట్టు మీద కూర్చున్నాడు.